ముప్పై రోజుల్లో ఇంటిపని

జనవరి 31, శుక్రవారం. మధ్యాహ్నం 3.15

ఆర్డర్ వచ్చింది. స్టాఫ్ నర్స్, రెగ్యులర్ పోస్టు. భద్రాచలం దాటి చర్ల పోయే దారిలో, అడవి అంచున ఒక పీహెచ్‌సీ. ముప్పై రోజుల్లో జాయిన్ కాకపోతే ఆర్డర్ క్యాన్సిల్. అంటే మార్చి ఒకటి ఆఖరు.

చైతూ చంకలో ఉన్నప్పటి నుంచి ఈ పరీక్షలు రాస్తున్నాను. తల్లాడలో ఈ ప్రైవేటు క్లినిక్‌లో సెలైన్ బాటిళ్లు మారుస్తూనే ముప్పై తొమ్మిది వచ్చాయి. ఇంక రాదనుకున్నాను. బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను. ఏడు నిమిషాలు సంతోషంగా ఉన్నాను. వాచీ చూసుకున్నాను కాబట్టి తెలుసు.

తర్వాత ఇల్లు గుర్తొచ్చింది.

సాయంత్రం 7.00

ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను. రోజూ చూసేదే, ఈ రోజు మాత్రం ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులా చూశాను. చైతూ తిన్న పళ్లెంలోనే చెయ్యి కడిగి టీవీ ముందు వదిలేశాడు. వాడికి పదమూడేళ్లు. తడి టవల్ మంచం మీద. రాజ్యానికి పదేళ్లు. దాని రిబ్బన్లు గుమ్మంలో ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి. మావారి ప్యాంటు విప్పిన చోటే రెండు సున్నాలై నేల మీద ఉంది. ఆయన అందులోంచి బయటికి అడుగేసి వెళ్లిపోయారు, అంతే.

నేను వెళ్తే ఈ ఇల్లు ఎన్నాళ్లు నిలబడుతుంది? నా అంచనా రెండు రోజులు.

అక్కడికి రోజూ తిరిగే దూరం కాదు. కొత్తగూడెం, భద్రాచలం, ఆ తర్వాత ఇంకో బస్సు. అక్కడే క్వార్టర్‌లో ఉండాలి. పనామె సారమ్మ మిరప కోతలకు పోయింది, ఉగాది దాటేదాకా రాదు. ఈ సీజన్‌లో మా ఊళ్లో ఏ ఇంటికీ పనామె ఉండదు. తెల్లారేసరికి అందరూ ట్రాలీ ఆటోల్లో చేల మీద ఉంటారు.

విషయం చెప్పాను. అత్తయ్య, పో అమ్మాయ్, ఎవరొద్దన్నరు, కాకపోతే పిల్లల్ని ఎవరు చూస్తరు, నా మోకాళ్లు చూస్తయా అంది. మావారు నీ ఇష్టం లతా అన్నారు. కాసేపాగి, మళ్లా నోటిఫికేషన్ రాకపోద్దా ఏంది అన్నారు.

నీ ఇష్టం అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ మొగుళ్ల కోసమే కనిపెట్టి ఉంటారు.

నిర్ణయం తీసుకున్నాను. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు బస్టాండ్‌లో అమ్ముతారు. ఇంగ్లీషే వస్తే ఇంటిపని రాదా. పిల్లలకు నేర్పేస్తాను. మార్చి ఒకటిన వెళ్తాను.

ఫిబ్రవరి 1, శనివారం

చార్ట్ గీశాను. ఫ్రిజ్ తలుపుకు అంటించాను. చైతూకి ఊడవడం, గిన్నెలు, అన్నం. రాజ్యానికి బట్టలు, పక్కలు, నీళ్ల బాటిళ్లు. చేసిన పని పక్కన టిక్కు పెట్టాలి.

అత్తయ్య చార్ట్ చదివించుకుంది. మగపిల్లాడు చీపురు పట్టుడేంది, ఈ ఇంట్లో ఎప్పుడన్నా జరిగిందా అంది. జరగలేదు కాబట్టే ఇంత దూరం వచ్చిందని అనబోయి మింగేశాను. మొదటి రోజే గొడవ ఎందుకు.

చైతూ ఒకటే అడిగాడు. టిక్కుకు ఏం ఇస్తవు అని. వాడికి ఇంట్లో అన్నం పెడతానని చెప్పాను.

ఫిబ్రవరి 2, ఆదివారం. ఉదయం 7.00

క్లాసు మొదలు.

7.40

చైతూ ఊడ్చాడు. ఎక్కడా చెత్త లేదు. మెచ్చుకోబోయి ఎందుకో దివాన్ కింద చూశాను. అంతా అక్కడ ఉంది. కనపడకుంటే చాలనలేదా అమ్మా అని అడిగాడు. నేను అలా ఎప్పుడన్నాను!

8.30

రాజ్యం అన్న దగ్గర గ్లాసు లాక్కుని తోమింది. ఒక్క గ్లాసు. ఇరవై నిమిషాలు. సబ్బు సగం కరిగిపోయింది. గ్లాసు తళతళలాడుతోంది, కాదనను. మిగతా పద్నాలుగు గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి.

9.15

నేనే మళ్లీ ఊడ్చాను. నేనే తోమాను. ప్రాణం హాయిగా ఉంది.

ఫిబ్రవరి 5, బుధవారం

గొంతు పోయింది. క్లినిక్‌లో ఒక పేషెంటు నాకే సిరప్ రాయమని డాక్టర్‌గారికి చెప్పింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈ రోజు కుక్కర్. నీళ్లెన్ని పోయాలి అని చైతూ అడిగాడు. బియ్యం మీద వేలు ఆనిస్తే మొదటి గీత దాకా రావాలన్నాను. మా అమ్మ నాకు అలాగే చెప్పింది. ఎన్ని ఎమ్మెల్ అని అడిగాడు. వేలికి ఎమ్మెల్ ఏమిట్రా. వాడు నోట్స్ రాసుకునే రకం. గీత అంటే ఎవరి వేలు, ఏ వేలు అని మళ్లీ అడిగాడు. కోపంతో మధ్యలో వదిలేసి డ్యూటీకి వచ్చేశాను.

రాత్రికి వాడికి ట్యూషన్ లేటయింది. అన్నం రాజ్యం పెట్టింది, దాని వేలితోనే కొలిచింది. పదేళ్ల పిల్ల వేలు. అన్నం గులకరాళ్లలా ఉంది. మావారు నములుతూనే ఉన్నారు. అత్తయ్య మజ్జిగలో నానేసుకుని, నంజుకోవడానికి ఓపిక ఒక్కటే తక్కువ అంది.

రాజ్యం ఏడ్చింది. గీత దాకనే పోసిన గదా అమ్మా అంది. పోసింది. తప్పు దానిది కాదు, నాదీ కాదు. అయినా నేనే అరిచాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

అద్భుతం. మూడు రోజులుగా ఐదు గంటలకు ఇంటికి వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. చార్ట్ నిండా ఎర్ర టిక్కులు. చైతూ సోఫాలో కూర్చుని బుద్ధిగా చదువుకుంటున్నాడు.

క్లినిక్‌లో అందరికీ చెప్పాను. పిల్లల్ని పెంచడం ఒక స్కిల్ అన్నాను. నేనే అన్నాను ఈ మాట. పెన్నుతో రాస్తున్నాను, కొట్టేయను.

ఫిబ్రవరి 14, శుక్రవారం. ఉదయం 10.30

క్లినిక్‌కి సెలవు పెట్టాను. ఇంట్లో ఇద్దరు పేషెంట్లు, దారిలో ఇంకొకరు.

జరిగింది ఇది. నిన్న రాజ్యం మెషీన్‌లో బట్టలు తిప్పింది. బాగా తిప్పింది. డాబా మీద ఆరేద్దామంటే దండెం నిండా దుప్పట్లు. పక్కనే నీలం పట్టా ఖాళీగా పరిచి ఉంది. మొన్నటిదాకా ఆ పట్టా మీద మా చేలో కాయ ఎండింది, చుట్టాలకు పంచడానికి ఉంచుకున్న తేజ మిర్చి. కాయ మూటలు కట్టేశాం. పట్టా మిగిలింది. పిల్లలిద్దరూ ఆలోచించారు. చైతూ చీపురు తెచ్చి పట్టా అంతా శుభ్రంగా ఊడ్చాడు. ఒక్క గింజ లేకుండా ఊడ్చాడు, అదీ ఎవరూ చెప్పకుండా. దాని మీద తడి బట్టలు పరిచారు. బనియన్లు, డ్రాయర్లు, స్కూల్ యూనిఫాంలు, టవళ్లు.

మిరప గింజ పోతుంది గానీ ఘాటు ఎక్కడికి పోతుంది?

పొద్దున మావారు పురుగుమందుల షాపు తీసి, రైతులు నలుగురు కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా డ్యాన్స్ మొదలుపెట్టారట. షట్టర్ సగం దించి ఇంటికి పరిగెత్తుకొచ్చారు. చైతూ ప్రేయర్‌లో ఉండగానే స్కూల్ నుంచి ఫోన్. రాజ్యం టవల్‌తో మొహం తుడుచుకుంది, కళ్లు బూరెల్లా వాచాయి.

నేను నర్సుని. చల్లనీళ్లతో కడగమన్నాను. అత్తయ్య కొబ్బరినూనె, మజ్జిగ అంది. ఎవరి మాట వినాలో తెలియక మావారు రెండూ చేసి బాత్రూంలో కూర్చున్నారు.

సాయంత్రం 6.00

నవ్వొచ్చే విషయమే. కానీ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మావారు బయటికి వచ్చి, చాల్లే లతా, ఇగ ఆపు అన్నారు. ఉద్యోగం అనలేదు. కానీ ఆయన ఆపమన్నది చార్ట్‌ని కాదు. నీ ఇష్టం అన్న మనిషి రెండు వారాలకే అసలు మాట చెప్పేశాడు.

ఇంకా పదిహేను రోజులు. ఆర్డర్ కాగితం బీరువాలో చీరల కింద ఉంది. రోజూ తీసి చూసుకుంటున్నాను. ఎవరైనా చింపేస్తారని కాదు. నేనే మానుకుంటానేమోనని భయం.

ఫిబ్రవరి 17, సోమవారం

డాక్టర్‌గారు ఖమ్మం వెళ్లారని క్లినిక్ రెండింటికే మూశారు. ఇంటికి వచ్చాను. పిల్లలకు స్కూల్లో ఏదో మీటింగ్, మధ్యాహ్నమే వదిలేశారట. చైతూ సోఫాలో ఫోన్ చూస్తున్నాడు. వెనక దొడ్లో నీళ్ల చప్పుడు.

అత్తయ్య. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్లు మడవలేక ఒక కాలు చాపుకుని పంపు దగ్గర గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. మళ్లీ తోమింది.

చైతూని లోపలికి లాక్కెళ్లి అడిగాను. వారం రోజులుగా ఊడ్చింది నానమ్మ, తోమింది నానమ్మ. నువ్వు చదువుకోరా, మీ అమ్మకు చెప్పమాక అందట. వీడు చేసింది టిక్కులు పెట్టడం. చార్ట్ దగ్గరికి వెళ్లి చూశాను. బుధవారం గళ్లలో కూడా టిక్కులున్నాయి. ఈ రోజు సోమవారం!

ఇంత గుడ్డిదాన్నా నేను? అద్దంలా ఉన్న ఇంట్లో నా మొహం చూసుకుని మురిసిపోయాను.

అత్తయ్యను చాలా మాటలన్నాను. నేను వెళ్లడం మీకు ఇష్టం లేదు, అందుకే పిల్లల్ని చెడగొడుతున్నారు అన్నాను. మీ కొడుకుని ఇలాగే పెంచారు, ఇప్పుడు నా కొడుకుని కూడా తయారు చేస్తున్నారు అన్నాను. ఆమె గిన్నెలు బోర్లించి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికేసింది. అన్నానికి రాలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. సింకు నిండి ఉంది.

ఫిబ్రవరి 19, బుధవారం. మధ్యాహ్నం 12.40

పొద్దున రాజ్యం వచ్చి, నానమ్మ సంచి సర్దుతున్నది, మధిర పోతదంట అని చెప్పింది. మధిరలో మా బావగారు ఉంటారు, అత్తయ్య పెద్దకొడుకు. రెండేళ్ల కింద అక్కడికి వెళ్లి రెండు నెలలకే తిరిగొచ్చేసింది. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. తోడికోడలితో పడలేదేమో అనుకున్నాం.

గదిలోకి వెళ్లాను. వెళ్లొద్దని చెప్పడానికి కాదు, ఇంకో నాలుగు మాటలు అందామనే వెళ్లాను. నిజం రాస్తున్నాను. ఆమె సంచి మీద చెయ్యి పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. అడక్కుండానే చెప్పింది. మధిరలో చెంచా కూడా ముట్టుకోనియ్యరు అమ్మాయ్ అంది. కూసోండి అత్తయ్యా, కూసోండి అంటరు. టీవీ ముందర కూసోబెట్టి పళ్లెం తెచ్చి చేతిలో పెడతరు. దవాఖానాల పేషెంటు లెక్క. ఒట్టిగా కూసున్న ముసలిదానికి పూటపూటకీ పళ్లెం పెట్టుడు ఎవరికైనా ఎన్నాళ్లు బరువు కాదు? గిన్నెలు గూడ పిల్లలే తోముకుంటే ఈ ఇంట్ల నేను ఎందుకు?

పదిహేనేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమెకు ఇలాంటి భయం ఉంటుందని నాకు తట్టలేదు. మోకాళ్ల నొప్పికి మాత్రలు ఇచ్చాను, అంతే.

నాకు సారీ చెప్పడం చేతకాదు. నిలబడ్డాను. అప్పుడు ఆమె ఇంకో మాట అంది. నేను దొంగతనంగా చేసిన, తప్పే. మరి నువ్వు? రాజ్యం మడతపెట్టిన దుప్పటి పొద్దున్నే విప్పి మళ్లా మడతపెట్టేది ఎవరు? పిల్లాడు కడిగిన టిఫిన్ డబ్బా మళ్లా కడిగేది ఎవరు? వాళ్లు చేయకముందే నేను చేసిన. వాళ్లు చేసినంక నువ్వు చేసినవ్. నీకూ నాకూ తేడా ఏంది?

ఛ, నేనలా ఎప్పుడు చేశాను అన్నాను. వెనక తలుపు దగ్గర నిలబడిన రాజ్యం, రోజూ చేస్తవ్ అమ్మా అంది. అందుకే నేను ఎట్లపడితే అట్ల మడతపెడతన్న, నువ్వు ఎట్లాగూ విప్పుతవ్ గదా అంది.

ఒళ్లు మండిపోయింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి చార్ట్ పీకి, ఎర్ర పెన్నుతో సహా తెచ్చి అత్తయ్య ఒళ్లో పడేశాను. అయితే మీరే నేర్పండి అన్నాను. మర్యాదగా అనలేదు. విసిరినట్టే అన్నాను.

ఆమె చార్ట్ పక్కన పెట్టింది. ఇది నాకెందుకు, చదువు రానిదాన్ని అంది. కుర్చీ హాల్లో ఎయ్యమని రాజ్యానికి చెప్పింది.

ఫిబ్రవరి 20, గురువారం

మామయ్య ఉన్న రోజుల్లో నాలుగెకరాల కాయ అత్తయ్య చేతి మీదుగా వెళ్లేది. కళ్లంలో ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి ఎర్రకాయలోంచి తెల్లబారిన తాలుకాయ ఏరించేది. అక్కడ ఒక కట్టుబాటు ఉందట. ఎవరి కుప్ప వాళ్లదే. ఆసామి చెయ్యి పెట్టకూడదు. ఏరిన కుప్పలో తాలు కనబడితే ఆసామి వేలితో చూపిస్తుంది, అంతే. ఏరిన మనిషే కుప్ప మళ్లీ పరిచి ఏరాలి. పక్కామె సాయం చేసినా ఒప్పుకోరు. ఒకసారి ఆసామి చెయ్యి పెట్టిందా, ఇక రోజూ ఆసామే ఏరుకోవాలి అంది అత్తయ్య.

ఈ రోజు నుంచి మా ఇల్లు కళ్లం.

చైతూ హాలు ఊడ్చాడు. అత్తయ్య కుర్చీలోంచి చేతికర్రతో దివాన్ కింద చూపించి, తాలు అంది. ఇంకేం అనలేదు. అరవలేదు. వాడు మళ్లీ ఊడ్చాడు. తలుపు మూల చూపించింది. తాలు. మూడోసారి ఊడ్చేటప్పుడు వాడే వంగి అన్ని మూలలూ చూసుకున్నాడు. మగపిల్లాడు చీపురు పట్టుడేంది అన్న మనిషేనా ఈమె? అడిగాను. కాయ ఏరేకాడ మగేంది ఆడేంది, పని తేడా వస్తే ఒప్పుకోను అంది.

ఏ ఎండకా గొడుగు. ఇందులో మాత్రం ఆవిడకు డాక్టరేట్ ఇవ్వొచ్చు.

ఫిబ్రవరి 22, శనివారం

కష్టం పిల్లలకు కాదు, నాకు. ముట్టుకోకూడదు.

రాజ్యం ఒక దుప్పటి పదకొండు నిమిషాలు మడతపెట్టింది. ఒక కొస గడ్డం కింద పెట్టుకుంది, ఇంకో కొస కాలివేళ్లతో పట్టుకుంది. నాకైతే అర నిమిషం. నా చేతులు వాటంతటవే లేచాయి. అత్తయ్య నా వైపు చూసి, అమ్మాయ్, నీ కుప్ప కాదు అంది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంత వయసొచ్చి, గవర్నమెంటు నర్సునయి, చేతుల మీద కూర్చున్నాను.

దుప్పటి ఐదు మూలలతో వచ్చింది. దుప్పటికి ఐదు మూలలు ఎలా వచ్చాయో దానికే తెలియాలి.

ఫిబ్రవరి 24, సోమవారం

ఉదయం ఐదింటికి లేచి చైతూ కడిగిన టిఫిన్ డబ్బా తీశాను. మూత అంచున పప్పు ఎండి ఉంది. పంపు తిప్పాను. మళ్లీ ఆపేశాను. డబ్బా తీసుకెళ్లి వాడి మంచం పక్కన పెట్టి వచ్చాను. పావుగంట పట్టింది ఆ పంపు దగ్గర నుంచి కదలడానికి.

ఫిబ్రవరి 26, బుధవారం. శివరాత్రి

అత్తయ్యకు ఉపవాసం. పిల్లలు మా ఇద్దరికీ ఉప్మా చేశారు. చైతూ నీళ్లు స్టీలు గ్లాసుతో కొలిచాడు. వేళ్ల మీద వాడికి నమ్మకం పోయింది. ఉప్పు ఎక్కువ. తిన్నాం.

తిని మావారు పళ్లెం అక్కడే వదిలి లేచారు. చైతూ పళ్లెం వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు, అత్తయ్యను అడిగాడు. నానమ్మా, డాడీకి కుప్ప లేదా అని.

మావారు గుమ్మం దగ్గర ఆగిపోయారు. అత్తయ్య, వాడి కుప్ప నేను ఏరిన బిడ్డా, నలభై ఏళ్లు నేనే ఏరిన, అంతా తాలే మిగిలింది అంది. కోపంగా అనలేదు. కళ్లల్లో నీళ్లున్నాయి. మురళీ, పళ్లెం తియ్యరా అంది.

ఆయన తీశారు. సింకు దాకా తీసుకెళ్లారు. పంపు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, సబ్బు ఏది అని అడిగారు. నలభై నాలుగేళ్ల మనిషి. రాజ్యం వెళ్లి చూపించింది. ఆయన తోమింది చూసి, డాడీ, వెనకాల గూడ తోమాలె అంది. నాకు నవ్వు ఆగలేదు, ఏడుపు కూడా ఆగలేదు. దొడ్లోకి వెళ్లిపోయాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం. సాయంత్రం 5.30

ఇల్లు సిద్ధం కాలేదు. రాసి పెడుతున్నాను, తర్వాత నన్ను నేను మోసం చేసుకోకుండా. చైతూకి పప్పు ఇంకా రాదు. రాజ్యం తడి బట్టలు, పొడి బట్టలు ఒకే బుట్టలో వేస్తుంది. మావారు పళ్లెం తీసిన ప్రతిసారీ మెచ్చుకోలు కోసం నిలబడతారు. ముప్పై రోజుల్లో నేర్పేస్తానన్నాను. ఆ బస్టాండ్ పుస్తకాలతో ఎవరికీ ఇంగ్లీషు వచ్చి ఉండదు.

అయినా వెళ్తున్నాను. ఇల్లు సిద్ధమయ్యాక వెళ్దామంటే ఏ ఆడదీ గుమ్మం దాటదు.

బ్యాగ్ సర్దుతుంటే మావారు వచ్చి, పొద్దున బండి మీద కొత్తగూడెం బస్టాండ్ దాకా దింపుతా అన్నారు. నీ ఇష్టం అన్నాను.

మార్చి 1, శనివారం

జాయిన్ అయ్యాను. మధ్యాహ్నం పన్నెండు పది. మెడికల్ ఆఫీసరమ్మ నాకంటే పన్నెండేళ్లు చిన్నది.

క్వార్టర్ తాళం వాచ్‌మన్ జంపయ్య తీశాడు. ఏడాదిగా ఎవరూ ఉండలేదట. ఆకులు, బల్లులు, ధూళి. నేను ఊడ్వనా మేడం అన్నాడు. వద్దన్నాను. ఒక్క గది. ఊడిస్తే పావుగంటలో అయిపోయింది. ఊడ్చిన గది ఊడ్చినట్టే ఉంది, సాయంత్రం దాకా ఎవరూ పాడుచేయలేదు. అదే పనిగా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మార్చి 3, సోమవారం

ఇంటి నుంచి పొద్దున్నుంచి తొమ్మిది ఫోన్లు. పప్పులో పసుపు ముందా తర్వాతా. గ్యాస్ వాసన వస్తోంది, ఇప్పుడు రావట్లేదు. రాజ్యం అన్నను కొట్టింది. అన్నే ముందు కొట్టాడు. ఓపీలో నలభై మంది జ్వరాలతో ఉన్నారు. ఫోన్ మోగుతుంది గానీ, మాట వినపడాలంటే కాంపౌండ్ చివర చింతచెట్టు దాకా పరిగెత్తాలి. తొమ్మిదోసారి, ఇల్లు తగలబడితేనే చెయ్యండి అన్నాను.

మార్చి 8, శనివారం

ఆదివారం కూడా డ్యూటీ పడింది. ఈ వారం ఇంటికి వెళ్లడం లేదు. ఫోన్ చేసి చెప్పాను. అత్తయ్య, సరే అమ్మాయ్, జాగ్రత్త అంది. బతిమాలుతుందనుకున్నాను.

మార్చి 11, మంగళవారం

రెండు రోజులుగా ఒక్క ఫోన్ లేదు. చింతచెట్టు కిందికి నాలుగుసార్లు వెళ్లాను, సిగ్నల్ ఉంది. ఐదోసారి నేనే చేశాను. చైతూ ఎత్తి, అమ్మా పనిల ఉన్న, తర్వాత చేస్త అని పెట్టేశాడు.

చెయ్యలేదు. వెధవ.

మార్చి 15, శనివారం. సాయంత్రం 6.40

ఇంటికి వచ్చాను. గేటు చప్పుడుకి రాజ్యం వచ్చింది. ఒక్క క్షణం ఆగి లోపలికి పరిగెత్తి, చిన్న పళ్లెంలో గ్లాసు పెట్టుకుని మంచినీళ్లు తెచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఇస్తాం, అలా.

ఇది నేను నేర్పలేదు. అత్తయ్య కూడా నేర్పలేదంది.

తాగాను. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలి అని దాన్నే అడిగాను.